ఉతికిన జాకెట్టు

బోటు ఇంకా కదల్లేదు. ఆఖరి మనిషి ఎక్కేదాకా తాడు విప్పరు కదా, ఆ ఆఖరి మనిషి ఎవరో గాని హోప్ టౌన్ జెట్టీ మీద నిలబడి తాపీగా గొడుగు ముడుస్తోంది, నీళ్ళు దులుపుతోంది, మళ్ళీ ముడుస్తోంది. రా తల్లీ రా, నీ గొడుగు ముడుచుకుంటే గాని నా మొగుడి సంగతి నాకు తెలియదు. ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్నాను. అందులో ఆయన లుంగీ, తువ్వాలు, ప్లాస్కు, దిండు కింద ఉండే చిన్న బైబిలు, అన్నిటికీ అడుగున పాలిథిన్ కవర్లో ఆయన డ్యూటీ జాకెట్టు. తడి ఇంకా ఆరలేదు, సంచిలోంచి, చీరలోంచి తొడకి చల్లగా తగులుతోంది. తగలనీ. అవతల పోర్ట్ బ్లెయిర్‌లో, ఫీనిక్స్ బే జెట్టీలో దిగి ఆసుపత్రికి వెళ్ళగానే ఈ జాకెట్టు తీసి సూపర్వైజరు మొహం ముందు పెడతాను. మా ఆయన జాకెట్టు వేసుకోలేదన్నారట కదా, ఇదిగో, కళ్ళు తెరుచుకుని చూడండి సార్ అంటాను. ఆ మాట అనకపోతే నా పేరు ఎలీసబెతే కాదు.

ఎదురు బల్ల మీద గణపతి కూర్చున్నాడు. కచరా గాడీ నడిపేది అతను, బండి వెనక నిలబడి ఇంటింటి చెత్త బకెట్లు అందుకునేది మా ఆయన నెహెమ్యా. ఇద్దరూ ఎన్నేళ్ళ నుంచో ఒకే బండి మీద పని, మొదటి బోటులో కలిసి వెళ్ళడం, కలిసి తిరిగి రావడం. నన్ను ఒంటరిగా పంపించడం ఇష్టం లేక మధ్యాహ్నం నాతో ఇంటిదాకా వచ్చాడు, ఇప్పుడు మళ్ళీ నాతోనే వస్తున్నాడు. పొద్దుటి నుంచి ఒంటి మీది డ్యూటీ జాకెట్టు విప్పలేదు. ఛాతీ దగ్గర నెహెమ్యా రక్తం పేరుకుని నల్లబడింది. దాని చుట్టూ పాత మరకలు, పులుసు మరకలు, చేపల నీళ్ళ మరకలు, ఏ వీధిలో ఏం వండారో ఆ జాకెట్టు చూసి చెప్పొచ్చు. పక్కన కూర్చున్న వాళ్ళు కొంచెం కొంచెంగా జరిగిపోయారు. వేరే రోజైతే నేనే వేళాకోళం ఆడేదాన్ని, ఏం గణపతీ, మీ ఇంట్లో సబ్బు దొరకడం లేదా, నీ పెళ్ళాం బుల్లమ్మకి చేతులు లేవా అని. ఇవాళ ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

బోటు కదిలింది. వాన సన్నగా పడుతోంది, నీళ్ళూ ఆకాశమూ ఒకటే రంగు. మన దీవుల్లో పొద్దు ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది, కాని ఈ వానాకాలంలో అసలు రావడమే లేదు. ఇవాళ తెల్లవారినా తెల్లవారినట్టు లేదు. లైటు వేసుకునే అన్నం డబ్బా కట్టాను. గొడుగు తీసుకెళ్ళయ్యా అంటే, బండి వెనక నిలబడినవాడికి గొడుగు పట్టేది ఎవరే అని నవ్వాడు. ఆ నవ్వు చూసి వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను. గుమ్మం దాకా వెళ్ళి ఉండాల్సింది. ప్రతిరోజూ వెళ్ళేదాన్ని కాదు గాని ఇవాళ వెళ్ళి ఉండాల్సింది. ఆదివారం తొడుక్కునే చొక్కా లాగా ఆ జాకెట్టు సర్దుకుంటూ దిగాడు మెట్లు, అది మాత్రం కిటికీలోంచి చూశాను. శుభ్రంగా ఉంది జాకెట్టు. ఒక్క మరక లేదు. రాత్రి నేను ఉతికిందే కదా. మరి వేసుకోలేదని ఎలా అంటాడు వాడు?

వాడంటే ఆ వ్యాను డ్రైవరు. టూరిస్టులని తిప్పే తెల్ల వ్యాను. అబర్డీన్ బజార్ దాటాక కిందికి దిగే వాలు ఉంది కదా, రెండు వైపులా చెట్లు కమ్మేసి పట్టపగలే చీకటిగా ఉండే చోటు, అక్కడ. గణపతి పొద్దుటి నుంచి అదే చెప్తున్నాడు, ఎవరు అడిగినా చెప్తున్నాడు, అడగకపోయినా చెప్తున్నాడు. బండి ఎడమ పక్కన ఆపాడట. కుడి పక్క ఇంటి నుంచి ఎవరో భయ్యా, భయ్యా అని పిలిచారట. నెహెమ్యా రోడ్డు దాటి వెళ్ళి బకెట్టు అందుకుని తిరిగి వస్తున్నాడట. పైనుంచి వ్యాను లైట్లు వేసుకునే వచ్చిందట, హారను కూడా కొట్టలేదట, బ్రేకు కూడా వేయలేదట, ఎదర ఎవరూ లేనట్టే వచ్చేసిందట. బ్రేకు చప్పుడు తరవాత వినబడింది వదినా, ముందు బకెట్టు చప్పుడు వినబడింది అన్నాడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ గణపతి ఆగిపోతాడు. నేను కూడా అక్కడే ఆగిపోతాను. బకెట్టు దొర్లుకుంటూ వాలు దిగిపోవడం నేను చూడలేదు, అయినా కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది.

ఎన్నిసార్లు చెప్పాను ఆయనకి, రోడ్డు దాటొద్దయ్యా అని. బండి ఒక పక్కన ఆగుతుంది, ఇళ్ళు రెండు పక్కలా ఉంటాయి. ఇటు పక్కవాళ్ళు బండి దగ్గరికి తెచ్చి ఇస్తారు. అటు పక్కవాళ్ళు గేటు దాటరు, చెయ్యి ఊపుతారు. వాళ్ళు దాటొచ్చు కదా, చదువుకున్నవాళ్ళు, ఇటూ అటూ చూసుకుని నాలుగడుగులు వేస్తే అరిగిపోతారా? ఆయనేమో, పిల్లల్ని స్కూలుకి తయారుచేసుకుంటూ ఉంటారే, పైట సర్దుకుని రోడ్డు మీదికి ఏం వస్తారు, నాకైతే అలవాటే కదా అనేవాడు. అందరి మీదా జాలే. అలవాటు రోడ్డుకి కూడా ఉండాలి కదయ్యా. వాలు మీద బండ్లు ఎలా వస్తాయో నాకు తెలియదా, బజారుకి వెళ్ళినప్పుడల్లా గోడకి అతుక్కుని నడుస్తాను. మోటారు సైకిళ్ళైతే బండికీ ఆయనకీ మధ్యలోంచి దూరిపోయేవట. ఒకడు ఆయన చేతిలో బకెట్టుని తన్నుకుంటూ పోయి, పైగా వెనక్కి తిరిగి తిట్టాడట. ఇంటికొచ్చి అది నవ్వుతూ చెప్పాడు. నవ్వొచ్చే సంగతా అది?

క్యాజువాలిటీ బయట ఆ డ్రైవరు నేల మీద కూర్చుని ఉన్నాడు. నా వయసే ఉంటుంది. పారిపోలేదు, అది ఒప్పుకోవాలి. గణపతి ఎత్తుకెళ్ళి వెనక పడుకోబెడితే తన వ్యానులోనే తీసుకొచ్చాడట, సీట్లన్నీ రక్తం. నన్ను చూసి లేచి చేతులు జోడించాడు. "దీదీ, కసమ్ సే, దిఖా నహీ. జాకెట్ నహీ పహనా థా, దీదీ. పహనా హోతా తో దిఖతా." కనబడలేదట. జాకెట్టు వేసుకుని ఉంటే కనబడేవాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. హిందీ ఎక్కడికి పోయిందో తెలియదు, తెలుగే వచ్చింది నోటికి. నీ కళ్ళు పోనూ అన్నాను. అంత పెద్ద లైట్లు పెట్టుకుని ఆరడుగుల మనిషి కనబడలేదా, నీ కళ్ళు పోనూ, నీ ఇల్లాలు ఇలాగే ఆసుపత్రి వరండాలో నిలబడనూ అన్నాను. అర్థమైందో లేదో, తల వంచుకుని నిలబడ్డాడు. మా అమ్మాయి వెరోనికా నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. మమ్మీ, అందరూ చూస్తున్నారు అంది. చూడనీ అన్నాను. ప్రభువు కూడా చూస్తూనే ఉన్నాడు కదా, నన్ను కూడా, వాణ్ణి కూడా.

ఆ మాటే వాడు పోలీసులతో కూడా చెప్పాడట. సూపర్వైజరు మనోహర్ గారు వెరోనికాకి చెప్పారు, జాకెట్టు వేసుకోలేదని రాస్తే మీ నాన్నదే తప్పవుతుందమ్మా, సొంత నిర్లక్ష్యం అని పడుతుంది, తరవాత ఆఫీసులో నేను గట్టిగా మాట్లాడలేను అని. గణపతి వేసుకున్నాడని మొత్తుకున్నా, నువ్వు స్నేహితుడివి కదా, అలాగే చెప్తావు అన్నారట. ఆసుపత్రివాళ్ళు హడావుడిలో బట్టలు కత్తిరించి, జాకెట్టు ఊడదీసి, అన్నీ మూట కట్టి నా చేతికి ఇచ్చారు. అందులో ఏముందో చూసినవాళ్ళు ఎవరు? ఆ మూట పట్టుకుని నేను మధ్యాహ్నం బోటు ఎక్కాను. అత్తగారికి చెప్పాలి, బట్టలు తేవాలి. ఇంటికి వెళ్ళి మొట్టమొదట చేసింది ఏమిటయ్యా అంటే, జాకెట్టు నానబెట్టాను. ఎవరైనా చేస్తారా? మొగుడు కత్తుల కింద ఉంటే బట్టలుతుక్కునే ఆడది ఎక్కడైనా ఉంటుందా? చేతులు వాటంతటవే చేశాయి. రక్తం మరక ఆరిపోతే ఇక వదలదు కదా. సోడా వేశాను, సబ్బు పెట్టాను, బ్రష్షు పట్టుకెళ్ళింది బుల్లమ్మ కాబట్టి కొబ్బరిపీచుతో రుద్దాను. రుద్దుతుండగానే వెరోనికా ఫోను, మమ్మీ, జాకెట్టు తీసుకురావాలట అని. రక్తం ఉన్నా బాగుండేది, వేసుకున్నాడని సాక్ష్యం ఉండేది అనిపించింది. పోనీలే, జాకెట్టంటూ ఉంది కదా, ఉండడమే సాక్ష్యం అనుకున్నాను.

"వదినా, టీ తాగుతావేటి?" గణపతి అడిగాడు. "పొద్దున్నించీ ఏటీ తిన్నేదు నువ్వు."

"వద్దు."

"టెన్షన్ పడకు. డాక్టరు సాబ్ మంచోడు. కాలికి రాడ్లు ఎయ్యాలన్నాడు గాని తీసీయాలని అన్నేదు కదా."

అనలేదు. చూద్దాం అన్నాడు. చూద్దాం అనే మాట డాక్టర్లు ఎప్పుడు అంటారో నాకు తెలుసు. మా నాన్నకి కూడా అదే అన్నారు.

ఈ బోటులోనే, ఈ బల్లల మీదే అది జరిగింది. ఇప్పుడు గణపతి పక్కనుంచి జరిగిపోయిన వాళ్ళని చూస్తే అదే గుర్తొస్తోంది. వెరోనికా అప్పుడు తొమ్మిదో తరగతి. ముగ్గురం బజారు నుంచి వస్తున్నాం. ఆయన డ్యూటీ దిగి అలాగే వచ్చాడు, మేం చీర కొనుక్కుని వచ్చాం. పక్కన ఒక టీచరమ్మ కూర్చుంది, మన ఆంధ్రా ఆవిడే, పట్టుచీర. ఈయన కూర్చోగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మాటేమీ అనలేదు. అంటే నేను ఊరుకునేదాన్నా, సముద్రం దాటేలోపు దులిపేసి ఉండేదాన్ని. అనలేదు కాబట్టే ఏమీ చేయలేకపోయాను. ఆయన లేచి వెళ్ళి చివర్లో, తాళ్ళు పెట్టే చోట, వానలో నిలబడ్డాడు. వెరోనికా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాన్న మాతో రాలేదన్నట్టు కూర్చుంది. ఆ పిల్ల తప్పు కాదు, ఆ వయసు అలాంటిది. కాని ఆయన వీపు మీద వాన పడుతుంటే చూస్తూ కూర్చున్నాను కదా, అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట నా మొగుడి పక్కన కూర్చుని ఎవరూ ముక్కు మూసుకోకూడదు.

అప్పటి నుంచీ రోజూ ఉతుకుడే. ఒంట్లో బాగున్నా, లేకపోయినా. ఆఫీసువాళ్ళు నారింజ రంగు జాకెట్టు ఒక్కటే ఇచ్చారు, మళ్ళీ ఎప్పుడు ఇస్తారో తెలియదు, సాయంత్రం దిగితే తెల్లారేసరికి ఆరాలి. పంపు నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, జాకెట్టు కోసమని ఒక డ్రమ్ము వేరేగా పట్టి పెట్టేదాన్ని. ముందు సోడాలో నానబెట్టడం. తరవాత బండమీద పరిచి, గట్టి బ్రష్షుతో, ముందు భుజాలు, తరవాత ఛాతీ, తరవాత ఆ వెండి పట్టీలు. పట్టీల మీద మురికి బాగా కనబడుతుంది కాబట్టి వాటినే ఎక్కువ రుద్దేదాన్ని. బూడిద రంగు నీళ్ళు కారేవి. ఆ నీళ్ళు చూస్తే నాకు ఎంత తృప్తిగా ఉండేదో, మురికి వదులుతోందని. రుద్దినకొద్దీ వచ్చేవి. ఆయన గుమ్మంలో కూర్చుని, ఊరికే నీళ్ళలో జాడించీవే, సాల్లే, చేతులు పడిపోతాయి అనేవాడు. నీకేం తెలుసు, నువ్వు ఊరుకో అనేదాన్ని. చర్చిలో కూడా ఆయన పక్కన జనం కూర్చోవడం మొదలుపెట్టారు. పాస్టరుగారి భార్య అందరి ముందూ అంది, ఎలీసబెతమ్మా, మీ ఆయన డ్యూటీ బట్టలు చూస్తే ఆఫీసరు బట్టల్లా ఉంటాయమ్మా అని. ఆ మాట నేను ఎంతమందికి చెప్పుకున్నానో లెక్క లేదు. బుల్లమ్మకి పదిసార్లు చెప్పాను. నువ్వు కూడా ఉన్నావు ఎందుకూ, మొగుణ్ణి అలా పంపిస్తే ఎవరికే సిగ్గు అన్నాను. అప్పా అప్పా అని నన్ను సొంత అక్కలా చూసే పిల్ల, పాపం, ఏడ్చినంత పని చేసింది.

"బుల్లమ్మ బ్రష్షు పట్టుకెళ్ళింది కదా," అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

గణపతి కొంచెం సిగ్గుగా నవ్వాడు. "అవునదినా. రేపు ఆదివారం కదా, నా జాకెట్టు కూడా అన్నదాని లాగా సుబ్బరంగా సేసీస్తానంది. నువ్వే నేర్పావంట కదా. నీ సోడా కూడా అడిగి తెచ్చీసుకుంది."

మంచిదే అన్నాను.

చీకటి పడిపోయింది. పోర్ట్ బ్లెయిర్ దీపాలు గుట్ట మీద వరసలు వరసలుగా వెలుగుతున్నాయి, ఏ దీపం కింద ఆసుపత్రి ఉందో వెతుక్కుంటున్నాను. ఆయన లేచాడో లేదో. లేస్తే ఏమడుగుతాడు? అమ్మ తిన్నదా అని అడుగుతాడు, అంతే ఆయన. పెళ్ళైన కొత్తలో ఆయన ఒంటి నుంచి సముద్రం వాసన వచ్చేది, అప్పుడు ఓడ దగ్గర మూటలు మోసేవాడు. కచరా గాడీకి మారాక ఆ వాసన పోయింది. నేను ఎప్పుడూ ముక్కు మూసుకోలేదు. ఒట్టు, ఒక్కసారి కూడా మూసుకోలేదు. కాని ఊపిరి బిగబట్టేదాన్ని. ఆయనకి తెలిసిపోయేదేమో. ఉతికిన జాకెట్టు తొడుక్కుని, చూడవే ఇప్పుడు ఎలాగున్నాను అని దగ్గరికి వచ్చేవాడు.

బోటు ఫీనిక్స్ బే దగ్గరకొచ్చింది. పైన కేబిన్ మీది పెద్ద లైటు వేశారు. జెట్టీ స్తంభాలు వెతుక్కుంటూ ఆ వెలుగు ఒకసారి మా మీదినుంచి వెళ్ళింది. గణపతి ఛాతీ భగ్గుమంది.

కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరిచేసరికి లైటు నీళ్ళ మీదికి వెళ్ళిపోయింది, గణపతి మామూలుగానే ఉన్నాడు, మరకలతో, కంపుతో. లైటు మళ్ళీ వచ్చింది, మళ్ళీ అతని రెండు భుజాల మీదా, నడుం చుట్టూ తెల్లగా మంట లేచింది. మరకల మధ్యలోంచి, రక్తం పక్కనుంచి. చివరన కూర్చున్న చిన్నపిల్ల కూడా చూసి వాళ్ళమ్మకి చూపించింది. నా చేతులు సంచిలోకి వెళ్ళిపోయాయి. లుంగీ పక్కకి తోశాను, బైబిలు పక్కకి తోశాను. కవరు చింపి జాకెట్టు ఒళ్ళో పరిచాను. లైటు రానీ. రావాలి. వచ్చింది, నా మొహం మీద పడింది, చేతుల మీద పడింది, నా మట్టిగాజులు కూడా మెరిశాయి. జాకెట్టు మెరవలేదు. నల్లగా ఉండిపోయింది.

"గణపతీ, నీ ఫోను లైటు వెయ్యి."

"ఎందుకదినా?"

"వెయ్యి, చెప్తాను. దీని మీద. కాదు, పట్టీల మీద."

వేశాడు. పట్టీలు చూశాను. వెండి లేదు. గోనెపట్టా రంగు. అక్కడక్కడ కుట్టు పక్కన మాత్రం, బ్రష్షు దూరని చోట, గోరంత మెరుపు మిగిలింది. వేలితో రాశాను. వేలికి బూడిద అంటింది. ఆ బూడిద నాకు తెలుసు. రోజూ సాయంత్రం బండమీదినుంచి కారిన బూడిద రంగు నీళ్ళే అది. మురికి అనుకుని ఆనందపడింది దీన్ని చూసే.

"తడిగుంది కదొదినా, అందుకే..." అన్నాడు గణపతి.

"నీది కూడా వానకి తడిసే ఉంది."

అతను ఫోను లైటు ఆర్పేశాడు. అతనికీ అర్థమైంది. వ్యాను లైట్లు వేసుకునే వచ్చింది, ఎదర ఎవరూ లేనట్టే వచ్చేసింది అని పొద్దుటి నుంచి అతను చెప్పిన మాటలే, ఇప్పుడు ఇద్దరికీ ఇంకోలా వినబడుతున్నాయి. వాడు అబద్ధం చెప్పలేదు. జాకెట్టు లేదు కాబట్టే కనబడలేదనుకున్నాడు. ఆయన వేసుకున్నాడు, వాడికి కనబడలేదు, రెండూ నిజమే. వాడి కళ్ళు పోవాలని శపించాను కదా. ఆ శాపం తిరిగి ఎవరి మీదికి రావాలి? అయ్యో, ఆయన్ని పది మందిలో కూర్చోబెట్టాలని చేశాను, పది మందికీ కనబడకుండా చేసేశాను. నువ్వు ఊరుకో, నీకేం తెలుసు అన్నాను కూడా. ఒక్కరోజు బద్ధకించి ఉంటే బాగుండేది. జ్వరం వచ్చి పడుకున్నా బాగుండేది. బుల్లమ్మలా ఉన్నా ఎంత బాగుండేది.

గణపతి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. జిప్పు లాగేశాడు. "వదినా, ఇది పట్టుకెల్లు. రెండూ ఒక్కలాగే ఉంటాయి, నంబర్లేటీ లేవు. ఇదే అన్నదని సెప్పు. రక్తం కూడా అన్నదే ఉంది దీని మీద, పక్కా సబూత్, ఇంకేటి సాచ్చెం కావాల. ఆ డ్రైవరు సంగతి మనకెందుకు? అన్న బతకాల కదా, వదినా."

ఎంత సులువుగా ఉందో ఆ మాట. చెయ్యి చాపాను కూడా. వెచ్చగా ఉంది ఆ జాకెట్టు, బరువుగా ఉంది, కంపు కొడుతోంది. తీసుకుంటే మా ఆయన మీద మాట ఉండదు. నా మీద కూడా ఉండదు. ఎవరికీ తెలియదు, ఆ డ్రైవరు జైలుకి పోతాడు, అంతే కదా. అప్పుడే ఫోను మోగింది. వెరోనికా. ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ ఒకేసారి.

"మమ్మీ, నాన్న లేచాడు! కాలు తియ్యలేదు మమ్మీ. రాడ్లు వేశారు. కాని మళ్ళీ బండి వెనక నిలబడే పని మాత్రం కుదరదన్నారు. మాట్లాడుతున్నాడు. మనోహర్ సార్ ఇప్పుడే జాకెట్టు సంగతి అడిగారు, నాన్న ఏమన్నాడో తెలుసా? నేను ఏసుకున్నాను సార్, మా ఎలీసమ్మ రాత్రే ఉతికింది, పోర్ట్ బ్లెయిర్ మొత్తం మీద అంత శుభ్రమైన జాకెట్టు ఇంకోటి ఉండదు, తెచ్చాక చూడండి అన్నాడు. సార్ నవ్వేశారు. నిన్ను తీసుకురావడానికి జెట్టీ దగ్గరికే వస్తున్నారు, ఆ డ్రైవరు వ్యానులోనే. తెస్తున్నావా మమ్మీ?"

తెస్తున్నాను అన్నాను. ఫోను పెట్టేశాక గణపతి జాకెట్టు గణపతికి ఇచ్చేశాను. "ఇది ఆయనదంటే ఎవరు నమ్ముతారయ్యా? ఆయన జాకెట్టు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు."

బోటు జెట్టీకి తగిలింది. జనం దిగుతున్నారు, గొడుగులు, సంచులు, టిక్కెట్ల క్యూ దగ్గర అరుపులు. గేటు బయట చీకట్లో తెల్ల వ్యాను నిలబడి ఉంది. మనోహర్ గారు గొడుగు కింద, డ్రైవరు గొడుగు లేకుండా తలుపు పక్కన. నన్ను చూసి మళ్ళీ తల వంచుకున్నాడు. మనోహర్ గారు చెయ్యి చాపారు, తెచ్చారా అమ్మా అని. ఇదిగో, కళ్ళు తెరుచుకుని చూడండి అని చెప్దామనుకున్న మాట ఇక అనలేను. సంచి కింద పెట్టాను. తడి జాకెట్టు చీర మీదే తొడుక్కున్నాను. చేతులు లోపలికి పోతుంటే ఒళ్ళు జలదరించింది, ఆయన భుజాల కొలత నాకు వదులుగా వేలాడింది. గణపతిని పక్కన నిలబెట్టుకుని ఇద్దరం రోడ్డు మీద కొంచెం దూరం నడిచాం, చెట్టు కిందికి, దీపాలు లేని చోటికి.

"భయ్యా," అని పిలిచాను ఆ డ్రైవర్ని. "లైట్ జలావో."

అతనికి అర్థం కాలేదు. మనోహర్ గారు చెప్పారు. వ్యానులోకి వంగి లైట్లు వేశాడు. కళ్ళు జిగేలుమన్నాయి, అయినా మూయలేదు. పక్కన గణపతి నిలువునా వెలిగిపోయాడు. నేను ఎలా ఉన్నానో నాకు కనబడదు, అవతలి వాళ్ళ మొహాలు కనబడవు. వాన చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

"దిఖ్ రహా హై క్యా?" అని అడిగాను, కనబడుతోందా అని.

ఆ వెలుగు వెనక నుంచి గొంతు వచ్చింది. "భాయ్ దిఖ్ రహా హై, దీదీ." గణపతి కనబడుతున్నాడట. "ఆప్ నహీ." నేను కనబడడం లేదట.

"ఆయన వేసుకున్నాడు సార్," అన్నాను మనోహర్ గారితో. "ఇదే వేసుకున్నాడు. నేనే ఉతికి ఉతికి దీన్ని ఆర్పేశాను. ఇతను కూడా అబద్ధం చెప్పలేదు. రెండూ రాయండి." ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను గాని ఏడుపు వచ్చేసింది. డ్రైవరు లైట్లు ఆర్పి, వ్యాను తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. సీటు మీద కొత్త తువ్వాలు పరిచి ఉంది. ఇతనూ కడిగినట్టున్నాడు పాపం, తడిగా ఉంది. జాకెట్టు విప్పకుండానే ఎక్కాను. ఆసుపత్రిలో ఆయన దీన్ని చూస్తాడు, ఎలాగుందో చూడండి సార్ అంటాడు. ఆయనకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. చెప్పకుండా మాత్రం ఉండలేను. దారి పొడుగునా వాలు మీద బండ్లు ఎదురొస్తున్నాయి, ఒక్కొక్క లైటూ ముందు సీట్లో కూర్చున్న గణపతి భుజాల మీద పడి మెరిసి పోతోంది. చూస్తూ చూస్తూ ఉంటే ఒక్కసారి గుర్తొచ్చింది. రేపు ఆదివారం.

ఫోను తీసి బుల్లమ్మకి చేశాను.

"అప్పా! బావెలాగున్నాడప్పా? లేసాడా?"

"లేచాడు, బాగానే ఉన్నాడు. బుల్లమ్మా, నా బ్రష్షు నీ దగ్గరే ఉంది కదా?"

"ఉందప్పా. రేపు మీ తమ్ముడు జాకెట్టు..."

"ఆ బ్రష్షుని సముద్రంలో పారేసెయ్యి. ఆ జాకెట్టుని రుద్దకు. నీళ్ళలో జాడించి తీసెయ్యి, అంతే, పట్టీల మీద చెయ్యి కూడా వెయ్యకు."

"ఇదేటప్పా? మొన్ననే కదా నన్ను తిట్టావు, కంపు కొడతన్నాదని."

"కొట్టనీయే," అన్నాను. "కంపు కొట్టనీ. మనిషి కనబడనీ."